తలుపుల్లేని గ్రంథాలయం

1971 జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మైకెల్ హార్ట్ అనే 24 ఏళ్ళ కుర్రాడికి, అక్కడి పరిశోధనశాలలోని పెద్ద కంప్యూటర్‌ని వాడుకునే అవకాశం దొరికింది. ఆ రోజుల్లో కంప్యూటర్ సమయం అంటే బంగారమే. తీరా చూస్తే దానితో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. అతని దగ్గర దానికి అప్పజెప్పే లెక్కలేవీ లేవు. బాణాసంచా చూసి తిరిగొస్తూ దారిలో సరుకులు కొన్నాడు. పండగ కదా అని కొట్టువాళ్ళు స్వాతంత్ర్య ప్రకటన అచ్చేసిన కాగితం ఒకటి ఆ సంచీలో పడేశారు. దాన్ని ముందు పెట్టుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ యంత్రంలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు లేవు గనక మొత్తం పెద్ద అక్షరాల్లోనే కొట్టాడు. అయిపోయాక, ఫలానా చోట ఇది ఉంది, కావలసినవాళ్ళు తీసుకోండి అని నెట్‌వర్కులో కబురు పెట్టాడు. ఆరుగురు తీసుకున్నారట.

హార్ట్ తరువాత పలుమార్లు తానే చెప్పుకున్న కథ ఇది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా పుట్టింది. కంప్యూటర్లు లెక్కలు చెయ్యడానికి కన్నా, లైబ్రరీల్లో ఉన్నదంతా దాచి, వెతికి, పంచిపెట్టడానికి ఎక్కువ పనికొస్తాయని ఆ రాత్రి అతనికి అనిపించింది. 2011లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు, అతను చేసింది ఆ పనే.

సాంకేతిక హంగులున్న గ్రంథాలయం అనగానే మనకి సర్క్యులర్లు, కమిటీలు, టెండర్లు గుర్తొస్తాయి. కానీ గత యాభై ఏళ్ళలో చదువరుల అలవాట్లని నిజంగా మార్చినవాటిలో చాలావాటికి మూలం విద్యార్థుల ఊహే. వాళ్ళు ఏదో ఒక మూసిన తలుపు ముందు నిలబడి ఊహించారు. ఆ చరిత్రని వరసగా చూసుకుంటూ వస్తే వాళ్ళు ఏం కోరుకున్నారో తెలుస్తుంది, వాళ్ళకి ఏది తట్టలేదో కూడా తెలుస్తుంది. ఆ తట్టని విషయమే చివరికి మన తెలుగు పుస్తకాల మెడకి చుట్టుకుంది.

పెద్దల ఊహలు

విద్యార్థులకన్నా ముందు పెద్దవాళ్ళు ఏం ఊహించారో చూద్దాం. ఎస్. ఆర్. రంగనాథన్ 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా చేరారు. అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మేష్టారు. నిండు తరగతిలో పాఠాలు చెప్పడానికి అలవాటు పడ్డ మనిషికి ఆ ఖాళీ గదిలో కూర్చోవడం దుర్భరమైంది. కొద్ది రోజులకే వెళ్ళి పాత ఉద్యోగం ఇప్పించమని అడిగారు. ముందు లండన్ వెళ్ళి అక్కడి లైబ్రరీలు చూసి రమ్మన్నారు. అక్కడి ఒక పెద్ద దుకాణంలో ఆయన మెకానో ఆటవస్తువు చూశారు. కొన్ని రేకు ముక్కలు, కొన్ని మరలు, వాటితో ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ. పుస్తకాల విషయాలని కూడా ఇలాగే ముక్కలుగా విడగొట్టి, ఏ పుస్తకానికి తగ్గ సంఖ్యని దానికి బిగించుకోవచ్చు కదా అనిపించింది. అదే 1933లో కోలన్ వర్గీకరణగా అచ్చయింది. అంతకు రెండేళ్ళ ముందు, 1931లో, ఆయన గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అన్నది మొదటిది, చదువరి సమయం ఆదా చెయ్యాలన్నది నాలుగోది, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్నది అయిదోది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా, సీమ కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందివే కాబట్టి ఇది మన చరిత్ర కూడా.

పుస్తకమే చదువరి దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచనా అప్పటిదే. 1931లో మన్నార్‌గుడి చుట్టుపక్కల పల్లెలకి ఎడ్లబండి మీద పుస్తకాలు వెళ్ళాయి. 1935లో మన దగ్గర పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద, పెదవడ్లపూడి కొల్లూరుల మధ్య, పడవలో గ్రంథాలయం తిరిగింది. ఆ బండి వెంటా ఈ పడవ వెంటా ఒక మనిషి వెళ్ళేవాడు. ఈ మాట గుర్తుంచుకుందాం, తరువాత అవసరమవుతుంది.

అమెరికాలో ఊహలు వేరే దారి పట్టాయి. యుద్ధకాలంలో అక్కడి శాస్త్ర పరిశోధనలని నడిపించిన వానెవర్ బుష్, 1945 జూలైలో అట్లాంటిక్ పత్రికలో మెమెక్స్ అనే యంత్రాన్ని వర్ణించాడు. చూడటానికి అదొక రాతబల్ల. లోపల మైక్రోఫిల్ము మీద పుస్తకాలు, కాగితాలు, ఉత్తరాలు ఉంటాయి. మీట నొక్కితే కావలసిన పుట తెర మీదకొస్తుంది. ఒక పుట నుంచి మరో పుటకి చదువరి తానే దారులు వేసుకోవచ్చు. ఇరవై ఏళ్ళ తరువాత, 1965లో, జె. సి. ఆర్. లిక్లైడర్ భావికాలపు గ్రంథాలయాల మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన దృష్టి 2000 సంవత్సరం మీద. అరలు, కార్డుల పెట్టెలు, పుస్తకాలిచ్చే బల్లలు, చదువుకునే గదులు ఇవన్నీ మనసులోంచి తీసేసి కొత్తగా ఆలోచించండి అన్నాడాయన. జ్ఞానం అంతా యంత్రాల్లో ఉంటుంది, మనిషి తన చోటు నుంచే దానితో సంభాషిస్తాడు.

ఇద్దరి ఊహలూ గొప్పవే, చాలా మటుకు నిజమయ్యాయి కూడా. అయితే ఆ బొమ్మల్లోని చదువరి ఎవరు? తనకంటూ ఒక గది, ఒక బల్ల ఉన్న పండితుడు. హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకునేవాడు, ఉన్న ఒక్క కాపీ కోసం క్లాసు మొత్తంతో పోటీ పడేవాడు, పుస్తకం ధర చూసి కిమ్మనకుండా అక్కడే పెట్టేసేవాడు అందులో లేడు. చదువుకునే గదినే తీసేయమన్నాడంటే, లిక్లైడర్‌కి దాని అవసరం లేదన్నమాట.

లెగో ముక్కల డబ్బా

1994లో అమెరికా ప్రభుత్వ సంస్థలు కొన్ని కలిసి డిజిటల్ గ్రంథాలయాల మీద పరిశోధనకి నిధులిచ్చాయి. ఆ డబ్బు అందుకున్నవాటిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒకటి. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఆ ప్రాజెక్టు నీడలోనే తమ పని మొదలుపెట్టారు. పరిశోధన వ్యాసాల్లో ఒక రివాజు ఉంది. ఒక వ్యాసాన్ని ఎంత ఎక్కువమంది ఉదహరిస్తే దానికి అంత విలువ. వెబ్ పుటలకీ అదే కొలబద్ద పెడితే ఎలా ఉంటుంది? ఒక పుటకి ఎన్ని పుటల నుంచి లంకెలున్నాయి, ఆ లంకెలిచ్చినవాటికి మళ్ళీ ఎంత విలువుంది అని లెక్కగట్టారు. గూగుల్ పునాది అదే.

వాళ్ళ మొదటి యంత్రానికి నాలుగేసి గిగాబైట్ల డిస్కులు పది ఉండేవి. వాటిని నిలబెట్టడానికి పెట్టె కావాలి, కొనడానికి డబ్బులు చాలవు. పిల్లలాడుకునే లెగో ముక్కలతో డబ్బా కట్టుకున్నారు. ఆ రంగురంగుల డబ్బాని స్టాన్‌ఫర్డ్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. ఒక లైబ్రేరియన్ మెకానో చూసి వర్గీకరణ కట్టారు, ఇద్దరు విద్యార్థులు లెగోతో అన్వేషణ యంత్రం కట్టారు. పిల్లల బొమ్మలు ఇద్దరికీ పనికొచ్చాయి గానీ పనిలో తేడా ఉంది. ప్రతి పుస్తకాన్నీ తీసి చూసి, దాని చోటు ఏమిటో ఒక మనిషి తేల్చాలన్నది రంగనాథన్ పద్ధతి. ఆ మనిషితో పనిలేకుండా, పుటలు ఒకదాన్నొకటి చూపించుకునే తీరుని బట్టి చోటు తేలిపోవాలన్నది విద్యార్థుల పద్ధతి.

ఆ లైబ్రరీ కల పేజ్‌ని వదల్లేదు. 2004 డిసెంబరులో, తను చదువుకున్న మిషిగన్ విశ్వవిద్యాలయంతో పాటు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీల పుస్తకాలని స్కాన్ చేస్తామని గూగుల్ ప్రకటించింది. మరుసటి ఏడే రచయితల సంఘం కోర్టుకెక్కింది. 2016 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీం కోర్టు అప్పీలు వినడానికి నిరాకరించడంతో గూగుల్ గెలిచింది. గెలిచి ఏం లాభం? కాపీరైటున్న పుస్తకంలో మనకి కనిపించేది రెండు మూడు వాక్యాల తునక. తలుపు తీశారు గానీ గొలుసు వేసే ఉంచారు.

జిరాక్సు కొట్టు

మన దేశంలో విద్యార్థికి మొదట చేతికందిన సాంకేతిక గ్రంథాలయం జిరాక్సు మిషను. ఏ యూనివర్సిటీ గేటు దగ్గరైనా చూడండి, టీ బడ్డీ ఎంత సహజమో జిరాక్సు కొట్టూ అంతే సహజం. సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, లైబ్రరీలో ఒకే ఒక్కటున్న పుస్తకంలో మేష్టారు చెప్పిన రెండు అధ్యాయాలు స్పైరల్ బైండింగు వేసి అక్కడ దొరుకుతాయి. ఎవరూ ప్రణాళిక వెయ్యలేదు, ఎవరూ ప్రారంభోత్సవం చెయ్యలేదు. కావలసిన పుస్తకంలో కావలసిన భాగం, భరించగలిగిన ధరకి, రేపు పరీక్షనగా ఇవాళ దొరకాలి. విద్యార్థి ఊహించుకునే లైబ్రరీకి ఇంతకన్నా క్లుప్తమైన నిర్వచనం నాకు తెలియదు.

2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు అలాంటి కొట్టు మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. అది ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీస్. పాఠ్యప్రణాళికలోని భాగాలని పుస్తకాల్లోంచి తీసి కట్టలుగా అమ్ముతున్నారని అభియోగం. కొట్టుతో పాటు విశ్వవిద్యాలయం కూడా ప్రతివాదే. అప్పుడు విద్యార్థులు ఒక సంఘం పెట్టుకుని, ఈ కేసులో మా మాటా వినండి అని కోర్టులో చేరారు. ప్రచురణకర్తలు వెనక్కి తగ్గాలని కోరుతూ 300 మందికి పైగా రచయితలు, అధ్యాపకులు లేఖ రాశారు. అమర్త్యసేన్ కూడా అదే కోరారు. ఎవరి హక్కుల కోసమని దావా పడిందో ఆ రచయితల్లో కొందరే దాన్ని వద్దన్నారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. ఆ తీర్పులో ఆయన తమ చదువుకునే రోజుల్ని గుర్తు చేసుకున్నారు. అప్పట్లో ఫోటోకాపీ అరుదు, ఖరీదు. విద్యార్థులు వంతులు వేసుకుని లైబ్రరీలో కూర్చుని పుటలకి పుటలు చేత్తో రాసుకునేవారు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది యంత్రంతో తీసుకుంటే ఎలా తప్పవుతుంది అన్నది ఆయన తర్కం. చదువు చెప్పే క్రమంలో చేసుకునే నకళ్ళకి మన కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉందని తేల్చారు. ఆ డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం, ఆ కట్టల్లో ఉన్నది బోధనకి అవసరమైనంతేనా అన్న విషయం విచారించమని కేసు తిప్పి పంపినా, మూల సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు.

తాళాలు

పుస్తకాలకి జిరాక్సు ఉంది. మరి పరిశోధన పత్రికలో? వాటి వ్యాసాలు డబ్బు కట్టిన విశ్వవిద్యాలయాలకే తెరుచుకుంటాయి. ఒక్కో వ్యాసానికి వేలల్లో రూపాయలు అడుగుతారు. 2011 సెప్టెంబరులో అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే 22 ఏళ్ళ కజక్‌స్థాన్ అమ్మాయి సై-హబ్ అనే గూటిని మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయంలో తన ప్రాజెక్టుకి కావలసిన వ్యాసాలు కొనలేకపోయిన అనుభవమే దానికి కారణమని ఆమె చెబుతుంది. చట్టం దృష్టిలో అది దొంగతనం. 2017లో న్యూయార్క్ కోర్టు ఒకటిన్నర కోట్ల డాలర్లు కట్టమంది. 2020 డిసెంబరులో మూడు ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టులోనూ దావా వేశాయి. అయినా దాని వాడకం బీద దేశాల విద్యార్థులకే పరిమితం కాలేదు, అన్నీ ఉన్న విశ్వవిద్యాలయాల వాళ్ళు కూడా సులువుగా ఉందని అక్కడికే వెళ్ళారు.

2024 నవంబరులో మన కేంద్ర ప్రభుత్వం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు, 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలు. విద్యార్థులు దొడ్డిదారిన కట్టుకున్నదాన్ని ప్రభుత్వం డబ్బు కట్టి రాజమార్గంలో పెట్టింది. మంచిదే. కానీ పథకం ప్రభుత్వ సంస్థలకి. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల్లో చదివేవాళ్ళెందరో తెలిసినవాళ్ళకి, ఆ తలుపు ఇంకా ఎందరికి మూసుందో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు పుస్తకాల సంగతి

ఇప్పుడు మన ఇంటికొద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలని స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలని సంకల్పించారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంతో భారత, చైనా సంస్థలు చేతులు కలిపాయి. 2007 నాటికి ఆ లెక్క దాటింది. మన దేశంలో దీని రూపం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దీనికి ఒక ముఖ్య కేంద్రం. పాత గ్రంథాలయాల్లో ఎవరూ తియ్యక దుమ్ముపట్టిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ తెరమీదకొచ్చాయి. తెలుగు సాహిత్యం మీద గత ఇరవై ఏళ్ళలో పరిశోధన చేసినవాళ్ళలో దాని ఋణం లేనివాళ్ళు అరుదు. ఇది చదువుతున్న మీలో చాలామంది హార్డ్ డిస్కుల్లో ఆ పీడీఎఫ్‌లు ఇప్పటికీ ఉండే ఉంటాయి.

అయితే వాటిని వెతికిన అవస్థా గుర్తుండే ఉంటుంది. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టినవి. ఒకే రచయిత పేరు పది రకాలు. 'మహాభారతం' కావాలంటే ఏ అక్షరం రెండుసార్లు కొట్టారో ఊహించాలి. రచయిత పేరు ఉండాల్సిన చోట సంపాదకుడు, సంవత్సరం ఉండాల్సిన చోట సున్నాలు. మధ్యలో పుటలు లేని పుస్తకాలు, తిరగబడ్డ పుటలు. అప్పట్లో తెలుగుకి సరైన ఓసీఆర్ లేదు కాబట్టి లోపలి పాఠంలో వెతకడం కుదిరేది కాదు. పుటలన్నీ ఒకేసారి దించుకోవడానికి అభిమానులే చిన్నచిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. చివరికి కాపీరైటు చిక్కులతో ఆ సైటే మూతపడింది. స్కాన్లలో చాలావరకు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరబట్టి బతికిపోయాం.

లోపం స్కానర్లది కాదు. పది లక్షలన్న అంకె మీద అందరి కళ్ళూ ఉన్నాయి. ఒక్కో పుస్తకాన్ని తెరిచి, పేరు సరిచూసి, చోటు నిర్ణయించే మనిషి ఆ ప్రణాళికలో లేడు. పడవ ఉంది, పుస్తకాలున్నాయి, పడవలో మనిషి లేడు. ఇక్కడే విద్యార్థుల ఊహలో ఉన్న వెలితి కూడా కనిపిస్తుంది. హార్ట్, పేజ్, ఢిల్లీ విద్యార్థులు, ఎల్బాక్యాన్ అందరూ తలుపు ఎలా తియ్యాలా అనే ఆలోచించారు. లోపలున్నదాన్ని ఏళ్ళ తరబడి ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నది వాళ్ళకి తట్టలేదు. తట్టకపోవడం సహజం. విద్యార్థి మూడేళ్ళో అయిదేళ్ళో ఉండి వెళ్ళిపోతాడు. పరీక్ష దాటాక ఆ పుస్తకం ఏమైందో అతనికి పట్టదు.

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌నే తీసుకోండి. 1989 నాటికి, అంటే 18 ఏళ్ళకి, అందులో చేరినవి పది పుస్తకాలు. 2000లో ఒక పుస్తకాన్ని పుటలుగా విడగొట్టి, ఒక పక్క బొమ్మ, ఒక పక్క పాఠం పెట్టి, వందలమంది స్వచ్ఛందంగా దిద్దే పద్ధతి మొదలయ్యాక అది పరుగందుకుంది. ఇవాళ 70 వేలు దాటింది. తలుపు తీసింది ఒక విద్యార్థి, ఇల్లు నిలబెట్టింది దిద్దరులు. తెలుగు వికీసోర్స్‌లోనూ జరుగుతున్నది ఇదే. ఆ పాత స్కాన్లనే తీసుకుని ఒకరు అచ్చుదిద్దుతారు, మరొకరు సరిచూస్తారు. ఆ పని చేసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది.

కుర్చీ అద్దెకి

ఇంతా జరిగాక ఇవాళ్టి విద్యార్థి ఏం ఊహిస్తున్నాడు? హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళండి. గ్రూప్స్‌కీ ఇతర పోటీపరీక్షలకీ చదివేవాళ్ళు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుంటారు. చాలామంది చదివేది అరల్లోని పుస్తకాలు కాదు, వెంట తెచ్చుకున్నవి. చోటు దొరకనివాళ్ళ కోసం పక్కనే అశోక్‌నగర్ సందుల్లో స్టడీ హాళ్ళు వెలిశాయి. నెలకింత అని కడితే ఒక కుర్చీ, ఒక దీపం, ప్లగ్గు, వైఫై, ఏసీ. బయట బోర్డు మీద లైబ్రరీ అని రాసుంటుంది. లోపల పుస్తకం ఒక్కటీ ఉండదు.

నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే ఇదీ పాత కథే. పుస్తకం దొరకని రోజుల్లో విద్యార్థి నకలు ఊహించాడు. వెతకడం కష్టమైనప్పుడు అన్వేషణ యంత్రం ఊహించాడు, ధర అడ్డొచ్చినప్పుడు దొడ్డిదారి. ఇప్పుడు పుస్తకాలు ఫోనులో ఉన్నాయి, నిశ్శబ్దంగా కూర్చునే చోటు లేదు. అందుకే కుర్చీని ఊహిస్తున్నాడు. 1965లో లిక్లైడర్ మనసులోంచి తీసేయమన్న చదువుల గదికే ఇవాళ అద్దె కడుతున్నాడు.

విశ్వవిద్యాలయాలు రేపటి లైబ్రరీ గురించి విద్యార్థులని అడిగితే ఇవే చెబుతారు. వైఫై, ప్లగ్గులు, రాత్రంతా తెరిచి ఉండటం, ఫోనులో పుస్తకం. అవన్నీ న్యాయమైన కోరికలే, ఇవ్వాల్సిందే. కానీ అడగనిది కూడా ఒకటుంది, అది వాళ్ళు అడగరు. అది గ్రంథపాలకుడు. లైబ్రేరియన్ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న కాలేజీలో ఈ-లైబ్రరీ గది రిబ్బను కత్తిరించి ప్రారంభిస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళం మనమే. కొన్నాళ్ళకి ఆ గదిలో కంప్యూటర్లు పాతబడతాయి, పాస్‌వర్డు తెలిసిన మనిషి బదిలీ అవుతాడు, గదికి తాళం పడుతుంది.

ఆ పనిలో విద్యార్థులకి పాత్ర లేదని కాదు. తెలుగు ఎమ్మే చదివే ఒక్కో విద్యార్థీ, తన కోర్సులో భాగంగా, ఒక పాత పుస్తకం పేరు సరిచేసి, రచయితని గుర్తించి, పది పుటలు దిద్దితే చాలు. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఉన్నవే చాలు. ఫలానా పుస్తకం నేను దిద్దాను అని చెప్పుకోగలిగినవాడికి అది మళ్ళీ పోతే పట్టకుండా ఉండదు.